పది మీటర్ల స్టేజీ

ఆస్పత్రి వరండాల నేల మీద
రెండు పసుపుపచ్చ టేపు ముక్కలు.
"ఈ గీత కెళ్ళి ఆ గీత దాక, బాలమణమ్మా,
ఎప్పుడూ నడిచినట్టే నడువు" అంటడు తబ్రేజ్,
చేతిల స్టాప్‌వాచీ.
ఎప్పటి నడక అడుగుతున్నడో చెప్పడు.

నా నడక ఇరవై రెండేండ్లు బస్సుల నడిచింది.
కోఠి నుంచి పటాన్‌చెరు దాక
మంది నడుమ, మోచేతుల నడుమ.
డ్రైవర్ బ్రేకు కొట్టకముందే పాదానికి తెలిసేది.
కమ్మి పట్టుకునే చెయ్యి నాకు లేకుండె,
ఒక చేతిల టికెట్లు, ఒక చేతిల చిల్లర.
కదిలే నేల మీద నిలబడ్డదాన్ని
కదలని నేల మీద ఊగుతున్న.

పద్నాలుగు సెకన్లు, పైన ఇంకో రెండు చుక్కలు
అని రాసుకున్నడు.
పది మీటర్లు!
మా లెక్కల అది స్టేజీ గూడ గాదు,
ఒక టికెట్ చింపేంత దూరం గాదు.

తర్వాత కాలి బొటనవేలి మీద
రెండు కొమ్ముల ఇనుప కడ్డీ మోగించి పెట్టిండు.
"మోత ఆగంగనే చెప్పు."
మొదలైతే గదా బిడ్డా, ఆగేది.
చెవికి వినబడుతుంది, వేలికి అందదు,
పక్కింట్ల మోగే ఫోను లెక్క.
చీలమండ కాడ గూడ లేదు.
మోకాలి చిప్ప కాడికి వచ్చినంక
సన్నగ, దూరంగ,
తెల్లారుజామున డిపోల ఎవరిదో ఇంజను స్టార్టయినట్టు.

తొమ్మిది పుల్లలు, తొమ్మిది బొక్కలు.
కుడిచేత్తోని నలభై ఒక్క సెకన్లు.
ఈ వేళ్ళే లైటు లేని బస్సుల
రూపాయిని, రెండ్రూపాయలను
అంచు తడిమి ఏరినయి.
ఇప్పుడు పుల్ల జారితే
కింద పడ్డ చప్పుడుకే తెలుస్తుంది
చేతిల లేదని.

ఇగ కాయితం మీద ప్రశ్నలు.
నల్లా తిప్పుకుంటవా? గుండీలు పెట్టుకుంటవా?
అవునంటే రెండు, కష్టం మీదంటే ఒకటి,
కాదంటే సున్నా.
గిన్నెలు తోముతవా?
తోమను. యాదగిరి తోముతడు.
రోగం రాకముందు గూడ ఆయనే తోమేటోడు,
నాది నాలుగింటి డ్యూటీ.
దానికెన్ని మార్కులు?
తబ్రేజ్ పెన్ను కొరుక్కుంట జెరసేపు చూసి
"వర్తించదు" అనే డబ్బాల టిక్కు పెట్టిండు.

పోయిన వారం కాలికి ఒక పట్టీ కట్టి పంపిండ్రు,
అడుగులు అదే లెక్కపెడుతదట,
స్నానానికి గూడ ఇప్పొద్దట.
ఈ పొద్దు కంప్యూటర్ల చూసి నవ్విండు:
"సోమారం తొమ్మిది వందలు, మంగళారం వెయ్యి,
గురువారం ఆరువేలు! ఏడికి వోయినవమ్మా?"

ఏడికీ పోలే.
కిటికీ కాడ కూసొని నా పాత రూటు
ఆ కొస దాక పోయి మళ్ళొచ్చిన.
ఎర్రగడ్డ కాడ రోడ్డు తవ్విండ్రు.
ఆ అడుగులు నాయి గావు, బస్సుయి.

పెన్సిల్‌తోని గురువారాన్ని కొట్టేసిండు.
మా కాడ లెక్క తేలకుంటే
కండక్టర్ జేబుల కెళ్ళే కట్టాలె.
ఈ లెక్కకు ఎవరి జేబు?

అయినా కొలిచేటోళ్ళ మీద నాకు కోపం లేదు.
నేను గూడ కొలిచిన.
నాంపల్లి స్టాపుల ఒక పెద్దమనిషి ఎక్కేటోడు,
కాలు బాగ పైకి లేపి, టప్పున దించేటోడు,
నేల ఉందా అని అడిగినట్టు.
నా చేతిల వాచీ లేదు గానీ
నోట్ల విజిల్ ఉండె.
మొదటి మెట్టుకే ఊదిన.
"జెల్ది పెద్దాయనా, నీకోసం బస్సు ఆపుకొని ఉండాల్నా?"
ఆయన ఒక్కపారి గూడ తిరిగి చూడలే.
మెట్లనే చూసిండు.
ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది,
కాలు ఏడుందో కన్ను చెప్తేనే కాలుకు తెలుస్తది.

మూడు నెలలకు మళ్ళ రమ్మన్నడు.
పద్నాలుగు కెళ్ళి పదమూడుకు దిగితే
మందు పనిచేస్తున్నట్టట.

పంజగుట్ట స్టాపుల బస్సొచ్చింది.
కమ్మి పట్టుకున్న,
పట్టుకున్ననో లేదో చూసుకొని మళ్ళ పట్టుకున్న.
ఒక మెట్టు.
వెనుక ఎవరో గొణుగుతున్నరు.
కండక్టర్ పోరి నోట్ల విజిల్ ఉంది.
రెండో మెట్టు.
ఇంకా ఊదలే.